మాట వినని చేయి

గోల్ఫ్ ఆటలోని దెబ్బలన్నిటిలోను చూపరులకు అతి సులభంగా తోచేది పట్టింగ్. నున్నగా కత్తిరించిన పచ్చిక మీద, చేతికర్రంత పొడవున్న ఒక సాధనంతో, కదలక మెదలక నిలిచి ఉన్న బంతిని మెల్లగా తట్టి, ఎదుటనున్న గుంటలోనికి దొర్లించడమే పట్టింగ్. దీనికి బాహుబలం అక్కరలేదు. పరుగు అక్కరలేదు. తన వైపు దూసుకువచ్చే బంతిని రెప్పపాటు కాలంలో అంచనా కట్టవలసిన క్రికెట్ బ్యాట్స్‌మన్ కష్టం ఇందులో లేదు. గుంట వ్యాసం 4.25 అంగుళాలు. బంతి వ్యాసం 1.68 అంగుళాలు. అంటే బంతి కంటె గుంట రెండున్నర రెట్లు వెడల్పు. మూడడుగుల దూరం నుంచి పసిపిల్లవాడైనా ఒకటి రెండు ప్రయత్నాలలో బంతిని అందులో వేయగలడు.

ఆ పసిపిల్లవాడు వేయగలిగిన బంతిని జగద్విఖ్యాతులైన క్రీడాకారులు వేయలేకపోయారు. ఒకరిద్దరు కాదు, ఒకనాడు కాదు. పచ్చిక మీద వంగి నిలుచున్న మనిషి కండ్లు గుంటను చూస్తున్నాయి, మనస్సు దారిని నిర్ణయించింది, చేయి మాత్రం మాట వినలేదు. బంతిని తాకబోయే క్షణంలో మణికట్టు ఒక్కసారిగా అదిరింది. బంతి గుంట అంచును దాటి అవతలికి పోయింది. ఈ చిత్రమైన బాధకు గోల్ఫ్ క్రీడాకారులు పెట్టుకొన్న పేరు యిప్స్.

ఈ బాధ తీవ్రత అర్థం కావాలంటే ఆ ఆటలోని లెక్క కొంత తెలియాలి. భారతదేశంలో గోల్ఫ్ చరిత్ర చిన్నది కాదు. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో స్థాపితమైంది. హైదరాబాదులో గోల్కొండ కోట ప్రక్కనను, విశాఖపట్నంలోను గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. అయినా ఆ ప్రహరీల వెలుపలి నుంచి చూచిన వారే మనలో ఎక్కువ. ఒక ఆటలో పద్ధెనిమిది గుంటలు ఉంటాయి. క్రీడాకారుడు పదునాలుగుకు మించకుండా రకరకాల క్లబ్‌లను, అంటే కర్రలను, వెంట తీసుకొని వెళ్లవచ్చు. ఎన్ని తక్కువ దెబ్బలలో పద్ధెనిమిది గుంటలు ముగిస్తే అంత గొప్ప. గుంట చుట్టూ మరింత నున్నగా పెంచిన పచ్చికను గ్రీన్ అంటారు. ప్రతి గ్రీన్ మీద రెండేసి పట్టింగ్ దెబ్బలు పడతాయన్న అంచనాతో ప్రమాణసంఖ్యను నిర్ణయిస్తారు. ఆ సంఖ్య 72 అయిన మైదానంలో 36 దెబ్బలు, అనగా సరిగా సగం, పట్టర్ అనే ఒకే ఒక్క కర్రకు చెందుతాయి. మిగిలిన పదమూడు కర్రలూ కలిసి తక్కిన సగాన్ని పంచుకొంటాయి. రెండువందల యాభై గజాలు ఎగిరిన బంతీ ఒక దెబ్బే, ఆరంగుళాలు దొర్లిన బంతీ ఒక దెబ్బే. ఈ లెక్కలో దయాదాక్షిణ్యాలకు చోటు లేదు.

యిప్స్ బాధితుల చరిత్ర ఆట చరిత్రంత పాతది. 1896 నుంచి 1914 వరకు గల కాలంలో బ్రిటిష్ ఓపెన్‌ను ఆరు మారులు గెలిచిన హారీ వార్డన్ క్షయవ్యాధి నుంచి కోలుకొన్న తరువాత, చిన్న దూరాల పట్టింగ్‌లో తన కుడిచేయి ఎగిరిపడుతున్నదని గ్రహించాడు. యిప్స్ అనే మాటను వాడుకలోనికి తెచ్చినవాడు స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన టామీ ఆర్మర్ అని చెబుతారు. నాలుగు మారులు అమెరికన్ ఓపెన్ విజేత అయిన బెన్ హోగన్ వయస్సు మళ్లిన తరువాత బంతి వెనుక పట్టర్‌ను ఆనించి, దానిని వెనుకకు తీయలేక, శిలాప్రతిమవలె చాలాసేపు నిలిచిపోయేవాడు. దూరపు దెబ్బలలో అప్పటికీ అతనికి సాటి వచ్చేవారు అరుదు. సామ్ స్నీడ్ మార్గం వేరు. 1966లో అతడు బంతికీ గుంటకూ మధ్య గల రేఖకు ఇరువైపుల కాళ్లు ఉంచి, కాళ్ల సందున పట్టర్‌ను ఊపడం ప్రారంభించాడు. చూడటానికి హాస్యాస్పదంగా ఉన్నా బంతి గుంటలో పడసాగింది. 1968 నుంచి ఆ పద్ధతిని నియమావళి నిషేధించింది. స్నీడ్ నిరుత్సాహపడలేదు. రెండు కాళ్లనూ రేఖకు ఒకే వైపునకు తెచ్చి, గుంటకు ఎదురుగా తిరిగి ప్రక్కనుంచి పట్టర్ ఊపుతూ మరికొన్ని ఏండ్లు ఆడాడు.

ఇది పిరికితనమా, జబ్బా? చాలాకాలం దీనిని పిరికితనంగానే లోకం ఎంచింది. బాధితులు కూడ అట్లే ఎంచుకొని సిగ్గుపడ్డారు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2000 సంవత్సరంలోను, ఆ పిమ్మటను ప్రకటించిన వ్యాసాలు ఈ అభిప్రాయాన్ని సవరించాయి. వారి విశ్లేషణ ప్రకారం యిప్స్ ఒకటి కాదు, రెండు. మొదటిది నాడీమండలానికి సంబంధించినది. ఒకే సూక్ష్మమైన కదలికను వేలాది పర్యాయాలు చేసిన చేతికి వచ్చే లోపం ఇది. చేతిని ముడిచే కండరాలు, చాచే కండరాలు ఒకదాని తరువాత ఒకటి పని చేయడానికి బదులు ఒకే క్షణంలో బిగుసుకొంటాయి. జీవితమంతా కలం పట్టిన లేఖకుని వ్రేళ్లు కొంకర్లు పోవడం, వాద్యం మీద ఏండ్ల తరబడి సాధన చేసిన విద్వాంసుని వ్రేలు ఒక స్వరం దగ్గర మాత్రమే మొరాయించడం ఈ జాతివే. తక్కిన పనులన్నీ ఆ చేయి చక్కగా చేస్తుంది. అన్నం కలుపుతుంది, సంతకం పెడుతుంది. ఆ ఒక్క పని దగ్గరకు వచ్చేసరికి కట్టు తప్పుతుంది. రెండవది మనస్సుకు సంబంధించినది. ఓటమి భయం, పదిమంది చూపు, గత పరాభవపు జ్ఞాపకం కలిసి చేతిని వణికిస్తాయి. ఈ రెంటి నడుమ గీత గీయడం కష్టమనీ, చాలామందిలో రెండూ పాలూ నీళ్లవలె కలిసి ఉంటాయనీ ఆ పరిశోధకులే అంగీకరించారు. అదిరిన చేయి భయాన్ని పుట్టిస్తుంది, భయం చేతిని అదిరిస్తుంది.

గోల్ఫ్‌లో క్రీడాకారులను హడలగొట్టే మరొక లోపం షాంక్. దీని పేరు పలకడానికి కూడ చాలామంది జంకుతారు. పాము పేరెత్తక పురుగు అన్నట్లు, దీనిని వేరే మాటలతో సూచిస్తారు. కాని యిప్స్‌తో పోలిస్తే ఇది అమాయకమైన జబ్బు. క్లబ్ తల చదునైన ముఖంతో బంతిని తాకవలసి ఉండగా, కర్రా తలా అతికే గుండ్రని మెడ తాకుతుంది. బంతి ఎదుటికి పోక కుడివైపునకు విసురుగా దూసుకుపోతుంది. బంతికి మరీ దగ్గరగా నిలవడం, దెబ్బ తీసేటప్పుడు శరీరభారం మడమల నుంచి కాలివ్రేళ్ల మీదికి జారడం, చేతులు శరీరానికి దూరంగా పోవడం సాధారణ కారణాలు. బంతికి అవతల రెండంగుళాల ఎడంలో ఒక ఖాళీ అట్టపెట్టెను ఉంచి, దానిని తాకకుండా బంతిని మాత్రమే కొట్టే అభ్యాసం చేస్తే చాలామందికి ఒక పూటలో సర్దుకొంటుంది. షాంక్‌కు కారణం కంటికి కనిపిస్తుంది కనుక మందు ఉంది. యిప్స్‌కు కారణం కంటికి కనిపించదు. అందుచేతనే ఆ బాధను నాలుగు మారులు అనుభవించి నాలుగు మారులూ బయటపడిన ఒక మనిషి కథ వైద్యులకు సైతం ఆసక్తికరమైంది.

ఆ మనిషి బెర్న్‌హార్డ్ లాంగర్. 1957లో జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, ఆగ్స్‌బర్గ్ పట్టణానికి సమీపంలోని ఆన్‌హౌజెన్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి తాపీ మేస్త్రీ. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులలో ఖైదీలను సైబీరియాకు తరలిస్తున్న రైలు నుంచి దూకి ప్రాణాలు దక్కించుకొని, బవేరియా చేరి ఇటుక మీద ఇటుక పేర్చి సంసారం నిలబెట్టుకొన్నవాడు. ఆ ఇంటికి గోల్ఫ్ వినోదం కాదు, కూలి డబ్బు. ఎనిమిది తొమ్మిదేండ్ల వయస్సులో లాంగర్ సమీపంలోని గోల్ఫ్ క్లబ్‌లో సంపన్నుల సంచీలు మోసే కేడీగా చేరాడు. వారు పారవేసిన నాలుగు పాత కర్రలతో అతడూ అతని తోటి కుర్రలూ ఆట నేర్చుకొన్నారు. వాటిలోని పట్టర్ కాడ వంకర పోయి ఉండేది. వంకర పట్టర్‌తో మొదలైన ఆ చేతికి సరియైన పట్టర్ దొరకడానికి ఎన్ని ఏండ్లు పట్టిందో ముందు ముందు తెలుస్తుంది. పదిహేనవ ఏట చదువు చాలించి మ్యూనిక్‌లో ఒక గోల్ఫ్ శిక్షకుని వద్ద సహాయకుడుగా కుదిరాడు.

1976లో, పద్ధెనిమిది పంతొమ్మిదేండ్ల ప్రాయంలో, ఐరోపా పోటీలలో ప్రవేశించినప్పుడు మొదటి దెబ్బ తగిలింది. జర్మనీలో అతడు ఆడిన గ్రీన్‌ల మీద బంతి నెమ్మదిగా దొర్లేది. దక్షిణాది దేశాలలో అద్దంవలె నున్నగా ఉన్న పచ్చికపై బంతి ఇట్టే జారిపోయింది. ఒకటి రెండు మారులు గుంట దాటించిన తరువాత చేతికి అనుమానం పట్టుకొంది. మూడడుగుల దూరం నుంచి నాలుగు దెబ్బలు కొట్టవలసి వచ్చిన సందర్భాలూ కలిగాయి. బహుమతి డబ్బు మీదనే బ్రతకవలసిన కుర్రవానికి ఇది పరువు సమస్య కాదు, పొట్ట సమస్య. దూరపు దెబ్బలతో అతడు సంపాదించినదంతా గ్రీన్ మీద ఖర్చయిపోయేది.

ఆ స్థితిలో అతనిని ఆదుకొన్నవి ఒక మాట, ఒక వస్తువు. స్పెయిన్ క్రీడాకారుడైన సెవె బాలెస్టెరోస్ అతని పట్టర్‌ను చేతిలోనికి తీసుకొని చూచి, ఇది మరీ తేలికగా ఉన్నదని అన్నాడట. 1980లో ఇంగ్లండులోని సన్నింగ్‌డేల్ క్లబ్ దుకాణంలో లాంగర్ బరువైన ఒక పాత పట్టర్‌ను అయిదు పౌండ్లకు కొన్నాడని చెబుతారు. ఆ సంవత్సరమే డన్‌లప్ మాస్టర్స్ పోటీలో గెలుపొంది, ఐరోపా స్థాయి పోటీ గెలిచిన తొలి జర్మన్ అయ్యాడు.

అయిదు పౌండ్ల కర్ర ఇంత పని ఎట్లా చేసింది? ఇక్కడ పట్టర్ ఎంపికను గురించి కొంత చెప్పుకోవాలి. తేలికైన పట్టర్‌ను ఊపడానికి చేతివ్రేళ్లూ మణికట్టూ చాలు. అదిరేవి అవే. బరువైన పట్టర్‌ను భుజాలు ఊపవలసి వస్తుంది. పెద్ద కండరాలు మందకొడివి, కాని నమ్మకమైనవి. బరువు తరువాత చూడవలసినది తూకం. పట్టర్ కాడను చూపుడువ్రేలి మీద అడ్డంగా నిలిపి చూస్తే దాని స్వభావం బయటపడుతుంది. తల ముఖం ఆకాశం వైపు తిరిగి నిలిస్తే అది ఒక జాతి. తల కొన నేలవైపు వ్రేలాడితే అది మరొక జాతి. చేతిని సరళరేఖలో వెనుకకూ ముందుకూ ఊపే వారికి మొదటిది నప్పుతుందనీ, తలుపు తెరిచి మూసినట్లు కొద్దిపాటి వంపులో ఊపేవారికి రెండవది నప్పుతుందనీ శిక్షకులు చెబుతారు. పొడవు సామాన్యంగా 33 నుంచి 35 అంగుళాల మధ్య ఉంటుంది. వంగి నిలుచున్నప్పుడు కండ్లు బంతికి నేరుగా పైన ఉండేటట్లు చేసే పొడవే ఆ మనిషికి తగిన పొడవు. దుకాణంలో ఖరీదు చీటీ చూచి కొనేవారికి ఈ సంగతులు తట్టవు. పొరుగువాడు ఏ పట్టర్‌తో గెలిచాడో దానికోసమే పరుగెత్తుతారు. చెప్పులు కొనేటప్పుడు ఎవరూ పొరుగువాని పాదం కొలత ఇవ్వరు.

పట్టర్ ఆకారాన్ని మార్చి ఆటనే మార్చినవారూ ఉన్నారు. 1904లో అమెరికాకు చెందిన వాల్టర్ ట్రావిస్, కాడ తల మధ్యభాగంలో అతికిన స్కెనెక్టెడీ పట్టర్‌తో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. కొద్ది సంవత్సరాలకే, 1910లో, బ్రిటిష్ పాలకమండలి ఆ రకాన్ని నిషేధించింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న కార్‌స్టెన్ సోల్‌హైమ్ తన పట్టింగ్ బాగుండకపోవడంతో 1959లో తన ఇంటి గ్యారేజీలోనే ఒక పట్టర్ చేసుకొన్నాడు. తల బరువునంతా రెండు కొనలకు చేర్చడం అతని ఊహ. బంతి మధ్యకు కాక కొంచెం అటూ ఇటూ తగిలినా తల మెలి తిరగదు. తప్పును క్షమించే పనిముట్టు అది. బంతి తగిలినప్పుడు వచ్చిన శబ్దాన్నే దానికి పేరుగా పెట్టాడు. పింగ్ కంపెనీ పుట్టుక అదే.

లాంగర్ కథలోనికి తిరిగి వస్తే, బరువైన పట్టర్ ఇచ్చిన ఊరట రెండేండ్లకు మించలేదు. 1982లో చేయి మళ్లీ అదిరింది. ఈ పర్యాయం అతడు పనిముట్టును కాక పట్టును మార్చాడు. కుడిచేతి వాటం గల క్రీడాకారుడు సామాన్యంగా ఎడమచేతిని పైనా, కుడిచేతిని క్రిందా ఉంచి పట్టర్‌ను పట్టుకొంటాడు. లాంగర్ దానిని తలక్రిందులు చేశాడు. కాని అన్ని దెబ్బలకూ కాదు. దూరపు పట్టింగ్‌కు పాత పట్టు, దగ్గరి పట్టింగ్‌కు కొత్త పట్టు. ఒకే గ్రీన్ మీద ఒకే మనిషి రెండు రకాలుగా ఆడటం చూచి నవ్వినవారు ఉన్నారు. 1985 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆగస్టాలో జరిగిన మాస్టర్స్ పోటీని అతడు ఆ రెండు పట్లతోనే గెలిచాడు. రెండు దెబ్బల వెనుక నిలిచినవారిలో బాలెస్టెరోస్ ఒకడు. మరుసటి సంవత్సరం ప్రపంచ క్రీడాకారుల స్థానాల పట్టికను అధికారికంగా తొలిసారి ప్రకటించినప్పుడు మొదటి పేరు లాంగర్‌దే. యిప్స్ పట్టిన చేయి ప్రపంచంలో ప్రథమస్థానంలో నిలిచిందన్నమాట.

1988లో మూడవ మారు. చేతులు మార్చినా అదురు వెతుక్కొంటూ వచ్చింది. మెదడులో పాతుకొన్న తప్పుడు ఆజ్ఞ ఒక నిర్దిష్టమైన భంగిమను అంటిపెట్టుకొని ఉంటుంది. భంగిమ మారితే అది కొత్త పని అవుతుంది, తప్పుడు ఆజ్ఞకు దారి దొరకదు. కాని కొత్త పనీ వేలాది పర్యాయాలు చేస్తే పాత పనే అవుతుంది. బహుశా లాంగర్‌కు జరిగింది ఇదే. అతడు ఈసారి కనిపెట్టిన పట్టును చూచినవారు ఇది చేయి విరిగినవానికి కట్టిన కట్టు అని భ్రమపడగలరు. ఎడమచేతితో పట్టర్‌ను బాగా క్రిందికి పట్టుకొన్నాడు. పట్టర్ పిడి ఎడమ ముంజేతి లోపలివైపునకు ఆనుకొంది. ఆ ముంజేతినీ పిడినీ కలిపి కుడిచేతితో గట్టిగా అదిమి పట్టుకొన్నాడు. కదలాలని ఉన్నా మణికట్టు కదలలేదు. దొంగను తాళ్లతో స్తంభానికి బిగించినట్లు, అదిరే కీలును తన రెండవ చేతితోనే బంధించాడు.

ఆ పట్టుకు కఠినపరీక్ష 1991 సెప్టెంబరులో ఎదురైంది. అమెరికాకూ ఐరోపాకూ మధ్య జరిగే రైడర్ కప్ పోటీ ఆ ఏడు దక్షిణ కెరొలైనాలోని కియావా దీవిలో సముద్రతీరాన జరిగింది. మూడు రోజుల ఆట, రెండు జట్లలో పన్నెండేసి మంది. అంతా ముగిసి చివరి జోడీ చివరి గుంట వద్దకు చేరేసరికి కప్పు ఎవరిదో తేలలేదు. లాంగర్‌కు ప్రత్యర్థి అమెరికన్ హేల్ ఇర్విన్. లాంగర్ ముందు సుమారు ఆరడుగుల దూరం మిగిలింది. బంతి గుంటలో పడితే కప్పు ఐరోపా వద్దనే ఉంటుంది, పడకపోతే అమెరికాకు పోతుంది. దారిలో బూటుమేకులు చేసిన గుర్తులు కనిపించాయి. వాటిని చదును చేయడానికి నాటి నియమాలు అనుమతించవు. 2019లో మాత్రమే ఆ నియమం మారింది. గుర్తులను తప్పించే దారిని ఎంచుకొని లాంగర్ బంతిని తట్టాడు. బంతి గుంట అంచు ప్రక్కగా పోయింది. అతని తల వెనుకకు వాలింది, నోరు తెరుచుకొంది. ఆ ముఖచిత్రాన్ని మరునాడు పత్రికలు విరివిగా ప్రచురించాయి. 14½ – 13½ తేడాతో అమెరికా గెలిచింది.

చూచినవారు చాలామంది ఇక లాంగర్ పని అయిపోయిందనుకొన్నారు. యిప్స్ చరిత్ర ఎరిగినవారికి అట్లా అనిపించడం సహజం. ఒక్క చేదు జ్ఞాపకంతో ఆట మానుకొన్నవారున్నారు, ఇతని వద్ద అప్పటికే మూడు విడతల చేదు ఉంది. సరిగా వారం తరువాత జర్మనీలో జరిగిన జర్మన్ మాస్టర్స్ చివరి గుంట వద్ద మళ్లీ ఒక పట్టింగ్ దెబ్బ మిగిలింది. ఈసారి దూరం ఆరడుగుల కంటె చాలా ఎక్కువ. పడితేనే అదనపు ఆటకు అర్హత. బంతి పడింది. అదనపు ఆటలోను అతడే గెలిచాడు. ఇది గుండెనిబ్బరమా, తప్పిన దెబ్బను తన అసమర్థతకు ముడిపెట్టకుండా బూటుగుర్తులకూ తాను చేసిన నిర్ణయానికీ వదలివేయగల వివేకమా అన్నది ఆలోచించదగినది. రెండవదే ఎక్కువ సమంజసంగా తోస్తుంది. 1993లో, అదే ముంజేతి పట్టుతో, లాంగర్ రెండవ పర్యాయం మాస్టర్స్ గెలిచాడు. ఈసారి తేడా నాలుగు దెబ్బలు.

నాలుగవ విడత 1996లో వచ్చింది. అప్పుడతడు ఆశ్రయించినది పొడవైన పట్టర్. దాదాపు నాలుగడుగుల పొడవున, చీపురుకర్రవలె ఉండే దానిని నిటారుగా నిలిపి, పిడి కొనను ఎడమచేతితో రొమ్ముకు ఆనించి, కుడిచేతితో గడియారపు లోలకంవలె ఊపుతారు. మరుసటి ఏడు, 1997లో, ఐరోపాలో అతడు నాలుగు పోటీలు గెలిచాడు. అప్పటినుంచి ఆ పట్టర్‌ను విడువలేదు.

అతడు విడువకపోయినా నియమావళి ఊరుకొనలేదు. పట్టర్‌ను శరీరానికి ఆనించే పద్ధతిని చాలాకాలం పెద్దలు ముసలివారి ఊతకర్రగా భావించి సహించారు. 2011లో కీగన్ బ్రాడ్లీ అనే యువకుడు పిడిని పొట్టకు ఆనించి పి.జి.ఏ. చాంపియన్‌షిప్ గెలిచాడు. 2012లో అమెరికన్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ రెండూ అట్లాంటి పట్టర్‌లకే దక్కాయి. 2013లో ఆడమ్ స్కాట్ పొడవైన పట్టర్‌తో మాస్టర్స్ గెలిచాడు. ఊతకర్ర కాస్తా ఆయుధమైందన్న ఆందోళన కలిగింది. పట్టర్‌ను శరీరానికి ఆనించి కొట్టరాదన్న నియమాన్ని 2013 మేలో ప్రకటించి, 2016 జనవరి 1 నుంచి అమలు చేశారు. రెండు చేతులతో స్వేచ్ఛగా ఊపడమే ఆట లక్షణమని పాలకమండలుల వాదం. చేయి స్వాధీనంలో లేనివాడు ఆటకు దూరం కావలసిందేనా అని బాధితుల ప్రశ్న. రెండు వైపులా న్యాయం లేకపోలేదు. అయితే నియమం పొడవైన పట్టర్‌ను నిషేధించలేదు, దానిని ఒంటికి ఆనించడాన్ని మాత్రమే నిషేధించింది. యాభయ్యెనిమిదేండ్ల లాంగర్ ఈ సందును జాగ్రత్తగా చదువుకొన్నాడు. అదే పట్టర్‌ను ఉంచుకొని, పై చేతిని రొమ్ముకు తగలకుండా కొంచెం ఎడంగా నిలిపి ఆడటం నేర్చుకొన్నాడు. 2017లో అతని చేయి రొమ్మును తాకుతున్నదని కొందరు అనుమానించినప్పుడు, నియమోల్లంఘన జరిగినట్లు ఆధారం లేదని అమెరికన్ గోల్ఫ్ సంఘం ప్రకటించింది.

ఏబదేండ్లు నిండినవారి కోసం అమెరికాలో జరిగే పోటీల పరంపరలో లాంగర్ 2007లో చేరాడు. ఆ పరంపరలో అత్యధిక విజయాలు, మొత్తం నలభై అయిదు, సాధించినవాడు హేల్ ఇర్విన్. కియావాలో ఆరడుగుల బంతి తప్పిన సాయంకాలం ఎదుట నిలిచి ఉన్న ఇర్వినే. 2023 జులైలో, అరవై అయిదేండ్ల వయస్సులో, అమెరికన్ సీనియర్ ఓపెన్ గెలిచి లాంగర్ ఆ సంఖ్యను దాటాడు. 2024 ఫిబ్రవరిలో మడమ వెనుక నరం తెగి శస్త్రచికిత్స జరిగినా, ఆ ఏడాది నవంబరులో చివరి గుంట వద్ద దూరపు పట్టింగ్ దెబ్బతో మరొక పోటీ గెలిచాడు. అది నలభై ఏడవ విజయం.

2025 ఏప్రిల్‌లో అతడు ఆగస్టాకు చివరి మారు వచ్చాడు. నలభై ఏండ్ల క్రితం రెండు పట్లతో గెలిచిన మైదానమది. అరవై ఏడేండ్ల ఆ క్రీడాకారుడు రెండు రోజుల ఆటలో 74, 73 దెబ్బలు తీసుకొని, మూడవ రోజుకు కేవలం ఒక్క దెబ్బ తేడాతో అర్హత కోల్పోయాడు. పద్ధెనిమిదవ గ్రీన్ చుట్టూ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతూ ఉన్నారు. అతని చేతిలో అప్పుడూ ఆ పొడవైన పట్టరే ఉంది. పై చేయి రొమ్ముకు కొంచెం ఎడంగా, నియమం చెప్పినంత ఎడంగా, నిలిచి ఉంది.